పాడని హెడ్‌ఫోన్

"అరగంట. అంతే!" అంది ఒతోవా సెన్సే గోడ గడియారం వైపు వేలు చూపిస్తూ. "బల్ల మీదున్న ఆ హెడ్‌ఫోన్‌లో పాట వినిపించడం లేదు. ఎందుకో కనిపెట్టండి. కనిపెట్టిన క్షణమే నాకు చెప్పాలి. నేను పక్క గదిలో ఉంటాను."

"వచ్చి తలుపు తట్టమంటారా?" అడిగాడు ఇసురుగి.

"తట్టొద్దు. ఈ గది దాటొద్దు. అరవొద్దు కూడా, నాకు అరుపులు గిట్టవు."

"మరి చెప్పేదెలా సెన్సే?"

"అది కూడా నేనే చెప్పాలా?" అంటూ ఆవిడ చెప్పులీడ్చుకుంటూ వెళ్ళి, చప్పుడు దూరని ఆ మందపాటి తలుపు మూసుకుంది.

ఈ రకం హెడ్‌ఫోన్లు బాగుచెయ్యడంలో టోక్యో మొత్తానికి ఒతోవా తరవాతే ఎవరైనా. డెబ్భై దాటాక, సెన్సేగా, అంటే గురువుగా, ఒక్కరికంటే ఒక్కరికే పని నేర్పుతానంది. ఆవిడ పనిబల్ల పక్కన ఉన్నది ఒకే కుర్చీ. దాని కోసం వచ్చింది ఇద్దరు. ఇసురుగి పెద్ద దుకాణంలో పదేళ్ళు పనిచేసినవాడు. చిగుసాకి పద్దెనిమిదేళ్ళు. అవోమొరి ఆపిల్ తోటల్లోంచి పొద్దున్నే బస్సు దిగింది. దిగినప్పటి నుంచి ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడి ఎరగదు.

ఇసురుగి అప్పుడే చొక్కా చేతులు మడిచాడు.

"చూడు చెల్లెమ్మా, పాట డిస్కు తిరుగుతోంది. హెడ్‌ఫోన్‌ని ఆడించే కరెంటు పెట్టె దీపం వెలుగుతోంది. ఇక పాడైంది ఇదొక్కటే. లోపల పొర పోయుంటుంది."

చెవి మీద ఆనే ఒక్కో గిన్నెలో, రెండు జల్లెడ రేకుల మధ్య, వెంట్రుక కన్నా పల్చని పొర ఉంటుంది. అది కదిలితేనే పాట. కాస్త దుమ్ము పడ్డా, చెమ్మ తగిలినా మొరాయిస్తుంది.

"బయట వారం నుంచి ముసురు పట్టింది కదా, చెమ్మ ఎక్కేసింది. విప్పేస్తే పోలా?" అని అతను స్క్రూడ్రైవర్ తీశాడు.

"వద్దండీ" అంది చిగుసా.

"ఏమన్నావ్? ఈ గొంతేసుకుని టోక్యో దాకా ఎలా వచ్చావమ్మా? బస్సు టిక్కెట్టు ఎవరు అడిగిపెట్టారు?"

"విప్పితే... బాగున్న పొర కూడా పాడవుతుంది."

"అవనీ. కొత్తది వేశానని చెబుతా. ముసలావిడ చెవుల్లో ఎప్పుడో గులిమి పేరుకుపోయుంటుంది. ఆవిడకేం తెలుస్తుంది?"

స్క్రూడ్రైవర్ మొన మరకి ఆనింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, చిగుసా చటుక్కున హెడ్‌ఫోన్ లాక్కుని తలకి పెట్టేసుకుంది!

"ఏయ్!"

పాట లేదు. గిన్నెల్ని చెవులకేసి మెల్లగా నొక్కింది. పటక్! రెండో వైపు కూడా, పటక్! పొర బిగువుగా ఉంటేనే వచ్చే చప్పుడది. రెండూ నిక్షేపంగా ఉన్నాయి. మరి పాట ఏమైనట్టు?

"పన్నెండు నిమిషాలే ఉన్నాయి" అన్నాడు ఇసురుగి జేబులోంచి కాగితం తీస్తూ. "నేనైతే రాసేస్తున్నా. పొర పోయింది, మార్చాలి. ఆవిడ తలుపు తియ్యగానే ముందు నా కాగితమే చేతిలో పడుతుంది."

చిగుసా చుట్టూ చూసింది. గది నిండా అద్దాల బీరువాలు. ప్రతి హెడ్‌ఫోన్‌కీ గుడ్డ సంచీ, పక్కనే చెమ్మ పీల్చే పొట్లం. బల్ల మీద బార్లీ టీ గ్లాసుకి కూడా మూత! ఇంత జాగ్రత్త మనిషి, ఈ ముసుర్లో ఈ ఒక్కదాన్నే బల్ల మీది చెక్క తలబొమ్మకి తగిలించి, గదిలోకి ముఖం పెట్టి, ముసుగు లేకుండా ఎందుకు వదిలేసింది?

మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కిందికి దూరింది.

"ఏంటి, దాక్కుంటున్నావా? ఏడుపొస్తే బయటికెళ్ళి ఏడువమ్మా, నేల తడుస్తుంది."

ఆమె వినిపించుకోలేదు. హెడ్‌ఫోన్ తీగ కరెంటు పెట్టెలోకి వెళ్ళింది. బాగానే ఉంది. డిస్కు దగ్గర్నుంచి వచ్చిన తీగ మాత్రం పెట్టె దాకా రాకుండా నేల మీదే పడుంది. మరి పెట్టె వెనక బిగించిన ఈ రెండో తీగ ఏమిటి? వేలితో పట్టుకుని వెంట వెళ్ళింది. బల్ల కాలు, గోడ అంచు, గోడలో చిన్న కన్నం. ఆ కన్నానికి అవతల ఒతోవా గది! పాటకి కదిలే పొర మాటకి కదలదా?

చిగుసా లేచిన ఊపుకి బల్ల తలకి తగిలింది. నొప్పి కూడా తెలియలేదు. చెంపలు వేడెక్కాయి, నవ్వు ఆగడం లేదు.

"అయిదు నిమిషాలు!" అన్నాడు ఇసురుగి. "ఇటివ్వు దాన్ని. కనీసం మరలైనా విప్పి పెడతా, పనిచేసినట్టు కనిపిస్తుంది."

ఆమె ఇవ్వలేదు. తలకున్న హెడ్‌ఫోన్ తీసి రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది. ఇసురుగి పగలబడి నవ్వాడు.

"ఓరి దేవుడా! మీ ఊళ్ళో చెవులు అక్కడుంటాయా?"

చిగుసా కళ్ళు మూసుకుంది. ఎప్పటిలాగే, పక్కవాళ్ళకి కూడా అందనంత చిన్న గొంతుతో అంది:

"సెన్సే, దీనికి ఏ జబ్బూ లేదు. ఇది పాడటం లేదు... వింటోంది."

తలుపు తెరుచుకుంది. చెవులకి ఇంకో హెడ్‌ఫోన్ పెట్టుకుని నిలబడి ఉంది ఒతోవా సెన్సే.

"రా చిగుసా, కుర్చీ తుడిచి పెట్టాను. వచ్చేముందు ఆ అబ్బాయికి కాస్త చెప్పు, నా చెవుల్లో గులిమి లేదని!"