డెల్మర్ పిస్తోలు

డెల్మర్ పోయాక, ఆయన సైన్యం నాటి పిస్తోలు అమ్మేస్తానని భార్య వెర్లా కబురు చేసింది. నేను వెళ్లేసరికి కెంటకీ కొండల మీద చీకటి పడింది. వరండాలో కూర్చున్నాం. ఆ చివర డెల్మర్ ఊగే కుర్చీ కిర్రుకిర్రుమంటూ ఖాళీగా ఊగుతోంది. గాలికి అనుకున్నాను.

"చూసుకో బాబూ. పక్కనే నిలబడ్డ దుప్పిని కూడా కొట్టలేకపోయావని నవ్వేవాడు ఆయన. నీకిస్తున్నానంటే ఏమనేవాడో!" అంటూ పిస్తోలు అందించింది.

తుపాకీ చేతికందగానే తూటా ఉందేమో చూడాలని మా నాన్న నేర్పాడు. పిస్తోలు పైభాగం, స్లైడు, వెనక్కి లాగి చూశాను. లోపల ఏమీ లేదు. ఖాళీ తుపాకీ అయినా, దాని మనిషిని అడక్కుండా మీట, అంటే ట్రిగ్గరు, నొక్కడం మాలో మర్యాద కాదు.

"ఒకసారి నొక్కి చూడనా?"

"నొక్కు. ఎవరూ లేని వైపు పెట్టి నొక్కు."

ముంగిట్లో ఆమె కుక్క పడుకుని ఉంది. అందుకని ఖాళీ కుర్చీకి గురిపెట్టాను.

టక్కుమంది.

కుర్చీ ఆగిపోయింది. దండెం మీది దుప్పటి అంచు కూడా కదలడం లేదని అప్పుడు గమనించాను. గాలి లేదు. ఇందాకా లేదు.

వెర్లా కుర్చీని చూసి, నన్ను చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

"క్షమించండి," అంటూ పిస్తోలు బల్ల మీద పెట్టేశాను.

"నాకెందుకు చెప్తావు?" అంది నెమ్మదిగా.

లేచి, టోపీ తీసి, తల వంచుకుని కుర్చీ వైపు తిరిగాను. మళ్లీ కిర్రుమంటుందేమోనని ఎంతసేపు నిలబడ్డా, కుర్చీ ఊగలేదు.