శవం లేని ఇంట్లో పాట
అరకు కొండల్లో ప్రతి గదబ ఇంటి గోడకీ యూనివర్సిటీవాళ్లు ఒక పెట్టె బిగించి చాలా ఏళ్లయింది. అది ఇంట్లో మాటలన్నీ విని దాచుకుంటుంది, గదబ భాషలోనే కబుర్లాడుతుంది. గురుబారికి ఊయలలో మాటలు నేర్పింది కూడా అదే. ఇప్పుడా పిల్ల యూనివర్సిటీలో గదబ కోర్సు చదువుతోంది.

పెట్టెకి అందనిది ఒక్కటే, శవం ముందు పాడే ఏడుపు పాట. ఈ సాయంత్రంలోగా అది రికార్డు కాకపోతే కోర్సు మూసేస్తామన్నారు యూనివర్సిటీవాళ్లు. గురుబారి పొద్దుటినుంచీ నాయనమ్మ బుద్రి కాళ్లావేళ్లా పడుతోంది.

"శవం లేని ఇంట్లో ఆ పాటెత్తితే సావు నడిచొత్తాదే. మీ అయ్య అడివికెల్నాడు. ఆడు తిరిగి రావాల."

"పొద్దు వాలిపోతోంది, అవ్వా!"

"పాడు బుద్రవ్వా, వింటున్నాను," అంది పెట్టె.

బుద్రి విసురుగా లేచి దాన్ని గోడనుంచి పీకేసింది. పెట్టె మూగబోయింది. దాన్ని చాపమీద పడుకోబెట్టి, కొత్త గుడ్డ కప్పి, పక్కన గుప్పెడు బియ్యం పోసింది.

గురుబారి పెట్టె దగ్గరికి ఉరికింది. "అవ్వా, ఇంక రికార్డెలాగ?"

"ఇప్పుడీ ఇంట్లో శవముంది," అంది బుద్రి జుట్టు విరబోసుకుంటూ. "అదింక ఇనదు. నువ్వు ఇను."

పాట ఎత్తుకుంది. కాసేపటికి గురుబారి గొంతూ కలిసింది. మాటలు నేర్పిన పెట్టె కదా, ఏడుపు దానంతటదే వచ్చింది.