మొదటి పన్ను

“చేతులు వదిలేస్తున్నారు. గట్టిగా పట్టుకోండమ్మా!”

పళ్ల డాక్టరమ్మ గొంతు కటువుగా ఉంది. కుర్చీలో తల్లి, తల్లి ఒళ్లో గింజుకుంటున్న పాప. పాపకింకా మూడేళ్లు నిండలేదు. పై పెదవి వాచి ముక్కుదాకా పొంగింది. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. తల్లి ఆ చిన్న చేతుల్ని గుప్పిట్లో బిగించి మొహం పక్కకు తిప్పుకుంది.

“వద్దమ్మా... ఇంటికెళ్లిపోదామమ్మా... ఇంకెప్పుడూ అల్లరి చెయ్యనమ్మా...”

ఆ మాటకు తల్లి పట్టు మళ్లీ సడలిపోయింది. ఈసారి నర్సే వచ్చి పట్టుకుంది.

ముందు చిగుళ్లకు సూదిమందు. అది పనిచేశాక, పైవరసలో ముందు పళ్లు ఒకదాని వెనక ఒకటి స్టీలు పళ్లెంలో టక్కుమని పడ్డాయి. పళ్లని పేరే గానీ, అవి సగానికి పుచ్చిపోయిన నల్లటి మొద్దులు.

ఏడ్చే ఓపిక కూడా అయిపోయి, పాప వెక్కుతూ తల్లి భుజం మీద వాలిపోయింది. నర్సు రక్తం తుడిచి పళ్లెం తీసుకుని బయటికెళ్లింది. డాక్టరమ్మ గ్లౌజులు విప్పి చెత్తబుట్టలోకి విసిరింది. ఆ విసరడంలోనే ఆవిడ కోపమంతా తెలుస్తోంది.

“ఇంకొన్నాళ్లు ఆగుంటే చీము కంటిదాకా పాకేది, తెలుసా?”

తల్లి తలూపింది.

“మళ్లీ పళ్లొచ్చేది పాపకు ఏడెనిమిదేళ్లు వచ్చాకే. అప్పటిదాకా ఈ పిల్ల బోసినోటితో తిరగాలి. రేపు బళ్లో మాట సరిగ్గా తిరక్కపోతే తోటిపిల్లలు ఊరుకుంటారా? ఏడిపించుకు తింటారు.”

“ఊఁ.”

“ఊఁ ఏంటమ్మా? పళ్లు నల్లబడుతుంటే కళ్లప్పగించి చూస్తూ కూర్చున్నారా? పాలపళ్లేగా, ఎలాగూ ఊడిపోయేవే అనుకున్నారా?”

“లేదండీ.”

“మరి?”

తల్లి పాప వీపు నిమురుతూనే ఉంది.

డాక్టరమ్మకు ఇంకా మండింది. “ఎవర్నీ అడగలేకపోతే చేతిలో ఫోనుందిగా! లోకంలో ఉన్న చెత్తంతా చూస్తారు, కన్నబిడ్డ కోసం ఒక్క పేజీ చదవలేరూ?” అంటూ తన ఫోను తీసింది. “ఇదిగో, నా దగ్గరికొచ్చే ప్రతి తల్లికీ ఇదే పంపిస్తాను. ఎవరు రాశారో గానీ, మేం డాక్టర్లం కూడా ఇంత విడమరిచి చెప్పలేం. వినండి. ‘మొదటి పన్ను కనపడగానే, ఆలస్యమైతే మొదటి పుట్టినరోజు లోపు, బిడ్డను పళ్ల డాక్టరుకు చూపించండి. నొప్పి వచ్చేదాకా ఆగకండి. పాలసీసా నోట్లో ఉండగా బిడ్డను...’”

“‘...నిద్రపోనివ్వకండి. బిడ్డ నిద్రపోయినా, ఆ పాలు పళ్లను తింటూనే ఉంటాయి.’”

మిగతాది తల్లి పూర్తిచేసింది, ఫోను వంక చూడకుండానే.

డాక్టరమ్మ ఫోను కిందికి దించింది. గొంతు మరింత పదునెక్కింది. “అంటే చదివారన్నమాట! అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తున్నారే! ఇంత తెలిసీ బిడ్డను ఈ గతికి తెచ్చారంటే, అసలు మీకు మనసెలా ఒప్పిందమ్మా?”

తల్లి మొదటిసారి కళ్లెత్తి ఆవిడ వైపు చూసింది.

“నేను చదవలేదండీ, రాశాను. ఇంట్లో కూర్చుని ఇలాంటివి రాయడమే నా ఉద్యోగం. రోజూలాగే ఆ రోజు కూడా, పేజీ అయ్యేదాకా ఈ పిల్ల లేవకుండా, పాలసీసా నోట్లో పెట్టి పక్కనే పడుకోబెట్టుకుని మరీ రాశాను.”