మల్లవ్వ చేతి గోలీ

"గీమె చేతి గోలీ నేను మింగ," అని శశిధర్ రావు దొర మొఖం పక్కకు తిప్పుకున్నడు.

డాక్టర్ రాధ మల్లవ్వ చేతిలున్న గోలీ దిక్కు చూసింది. కోరుట్ల పక్క ఊరి ఆరోగ్య కేంద్రానికి ఆమె కొత్తగ వచ్చింది. గుండెజబ్బోళ్లు కరీంనగర్ దాక ఉరుకుడెందుకు, ఇక్కడనే నెలనెలా చూసి, దవాఖానకు రానోళ్లకు గోలీలు ఇంటికే పంపుదామని ఆమెనే మొదలుపెట్టింది. దొర ఇంటికి నేను పోతనని ఆయా మల్లవ్వ ముందుకొచ్చింది. తీరా చూస్తే దొర ఒక్క గోలీ సుత మింగలేదని తెలిసింది. సంగతేందో కనుక్కుందామని రాధ స్వయంగ గడీకి వచ్చింది.

"గోలీల ఏం కలిపిందో ఎవలికెరుక," అన్నడు దొర.

మల్లవ్వ గోలీని గోటితోని రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క నోట్లె ఏసుకొని మింగి, రెండోది ఆయన ముందర పెట్టింది.

"సగం నేను మింగిన. మిగిలింది నువ్వు మింగు దొరా."

డాక్టరమ్మ ఎదురుంగ నిలబడి చూస్తున్నది. దొరకు మింగక తప్పలే.

వాపసు వచ్చే తొవ్వల రాధ మల్లవ్వ మీద కోప్పడ్డది. ఒకరి గుండె గోలీ ఇంకొకరు మింగొద్దని చెప్పి, అసలు మీ ఇద్దరి నడుమ ఏమున్నదని అడిగింది.

"నా కొడుకు నారాయణను సంపిచ్చిండు," అన్నది మల్లవ్వ, బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగ.

రాధ రేపటి సంది నర్సును పంపుతనన్నది. మల్లవ్వ ససేమిరా ఒప్పుకోలే. అడవిలున్న అన్నలు సుత కబురు పెట్టిన్రని, నువ్వు ఊ అంటే దొరను లేపేస్తమన్నరని, తనే వద్దన్నదని చెప్పింది.

"ఎందుకు వద్దన్నవవ్వా?"

"సచ్చిపోతె ఏమున్నది డాక్టరమ్మా? గాయన బతకాలె."

ఇంత పెద్ద మనసా అని రాధకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

మల్లవ్వ పట్టిన పట్టు ఇడువలే. పొద్దుగాల్నే గడీకి పోయి గోలీ మింగిచ్చేది. నోరు తెరిపిచ్చి నాలుక కింద సుత చూసేది. కంచంల మామిడి తొక్కు కనబడితే తీసి బయట పారేసేది. సిగరెట్ల డబ్బా పొయ్యిల ఏసింది. దొర మంచం దిగనంటే వాకిట్ల నిలబడి డాక్టరమ్మకు చెప్తననేది. గా మాటకు దొర మెత్తవడేటోడు. ఒకప్పుడు ఆయన ముందర చెప్పులు చేతవట్టుకొని నడిసిన జనం చూస్తుండంగ, పసుపు చేన్ల దాక చెమటలు కక్కుకుంట నడిసెటోడు. ఎనుకనే మల్లవ్వ.

ఎండకాలం వచ్చేసరికి కాళ్ల వాపు తీసింది. ఆయాసం పోయింది. ఛాతిల నొప్పి మళ్ల రాలే. తన చేతి మీద బాగైన మొదటి గుండె ఇదేనని రాధ మురిసిపోయింది.

ఒకనాడు దవాఖాన ముందర పోలీసు జీపు ఆగింది. ఎస్సై దొరను ఎంబడి తీసుకొని లోపలికి వచ్చిండు. అన్నల భయానికి కాపలా వచ్చిండనుకున్నది రాధ.

"ఈయన గుండె ఎట్లున్నది మేడం?" అని అడిగిండు ఎస్సై.

రాధ బీపీ చూసింది. ఛాతి మీద స్టెతస్కోపు ఆనిచ్చి విన్నది. దొర ఆమె దిక్కు వంగి, బాగలేదని చెప్పమ్మా అని గొణిగిండు. పెద్దమనిషి పరాష్కమాడుతుండని రాధ నవ్వింది.

"ఏం రంది లేదు. నడుసుకుంట జగిత్యాల పోయొస్తరు."

దొర మొఖం పాలిపోయింది. ఎస్సై బేడీలు తీసిండు. రాధ బిత్తరపోయి ఇదేందని అడిగింది. నారాయణ హత్య కేసుల జైల్లున్న దొరను గుండె బాగలేదంటే కోర్టు ఇంటికి పంపిందని, బాగైనంక మళ్ల జైలుకు తోలాల్నని ఎస్సై చెప్పిండు.

మల్లవ్వ జీపు దాక పోయింది. గోలీల పొట్లం దొర చేతిల పెట్టింది.

"యాళ్లకు మింగు. నూరేండ్లు బతుకు దొరా. నీకు పడ్డది యావజ్జీవం."