ముప్పై ఎనిమిది డిగ్రీల స్నానం

“మోచెయ్యి పెట్టకు స్వప్నా. అది వేడి లాక్కుంటే నా లెక్కంతా మారిపోతుంది.”

బకెట్లో ముంచబోయిన చేతిని స్వప్న వెనక్కి తీసుకుంది. ఎల్బీనగర్‌లోని ఆ అద్దె ఇంటి బాత్రూంలో చిన్న పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లో తువ్వాలు మూట. నడుము పీకేస్తోంది. భర్త గౌతమ్ రోజూ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పిల్లలకు ఫిజిక్స్ చెబుతాడు. ఇవాళ బాత్రూం తలుపు మీద సుద్దముక్కతో ఆమెకు చెబుతున్నాడు.

“పది కిలోల చన్నీళ్లు ఇరవై ఆరు నుంచి ముప్పై ఎనిమిది డిగ్రీలకు రావాలి. డెబ్బై డిగ్రీల వేణ్నీళ్లు మూడు ముప్పావు కిలోలు చాలు. కానీ స్టీలు బకెట్ ఊరుకోదు. దానికీ విశిష్టోష్ణం ఉంటుంది. దాని వాటా వేడి అదీ తాగుతుంది.”

“తాగనియ్యండి. మా దిక్కు మోచెయ్యి ముంచి చూస్తరు, అంతే.”

“కాలితే?”

స్వప్న ఒళ్లోని మూటను దగ్గరికి లాక్కుంది. ఆ భయంతోనే ఆమెకు వారం నుంచి నిద్ర లేదు.

సబ్బుల అరలో నిలబెట్టిన ఫోన్లోంచి అత్తగారు సూర్యప్రభ భీమవరం నుంచి అంతా చూస్తోంది. ఈ పూట స్నానం సవ్యంగా జరిగితే ఆమె రాదు. తేడా వచ్చిందో, రేపే దిగుతుంది. దిగాక వంటిల్లూ, స్వప్నా, అన్నీ ఆమె చేతుల్లోకే పోతాయి.

“ఒరేయ్, వాడి బరువు కలిపావా?” అంది సూర్యప్రభ.

“కలిపానమ్మా. మూడు కిలోల వంద. నిన్న కర్మన్‌ఘాట్‌లో తూయించాం. లోపలంతా దాదాపు నీళ్లే కాబట్టి విశిష్టోష్ణం కూడా నీళ్లకు దగ్గరే.”

“మీరు గా లెక్క చేసేలోపు నీళ్లు సల్లారిపోతున్నయి,” అంది స్వప్న.

“అందుకే కదా మళ్లీ వేస్తున్నాను.” తలుపు తుడిచి మొదటికొచ్చాడు.

“ఏడవట్లేదు కాబట్టి నీ ఆటలు సాగుతున్నాయిరా,” అంది తల్లి.

మరో గిన్నెడు నీళ్లు కాగాయి. కలిపాడు. థర్మామీటరు ముంచి ఫోను ముందు పెట్టాడు. సరిగ్గా ముప్పై ఎనిమిది.

సూర్యప్రభ కళ్లజోడు సర్దుకుని చూసింది. “సరే, ఒప్పుకున్నాను. పొయ్యమ్మా.”

స్వప్న తువ్వాలు తీసి, చాపిన కాళ్ల మీద మెల్లగా పడుకోబెట్టింది. చెంబుతో పోసింది. నీళ్లు గోరువెచ్చగా, చక్కగా ఉన్నాయి. ఆమెకే నవ్వొచ్చింది. సబ్బు రుద్దింది. వీపు కూడా రుద్దుదామని తిప్పబోయింది.

నురగలో చెయ్యి జారింది.

ధబ్బుమంది. గచ్చంతా ఎర్రగా అయిపోయింది.

స్వప్న రెండు చేతులూ అలాగే గాల్లో ఉండిపోయాయి. గౌతమ్ చేతిలోంచి సుద్దముక్క కింద పడింది.

“ఘర్షణ లెక్క వెయ్యలేదు,” అన్నాడు మెల్లగా.

“నా చేతులకెల్లే జారింది అత్తమ్మా. నాతోని కాదు.” స్వప్న వెక్కివెక్కి ఏడ్చింది.

ఫోన్లో సూర్యప్రభ అప్పటికే సంచి సర్దుతోంది. “ఏడవకమ్మా, కాన్పుకింకా రెండు నెలలుంది. రేపు పొద్దున్న ఎల్బీనగర్‌లో బస్సు దిగి, నేనే ఇంకో పుచ్చకాయ తెస్తాను.”