దర్జీ గారి ఆకలి పరీక్ష

"చూడక్కా, ఇందులో నా తప్పేం లేదు. కాగితమే చెబుతోంది."

దర్జీ ఆనందం పట్టలేక కుట్టుమిషను ముందు నుంచి లేచి వచ్చాడు. తన ప్యాంట్లు తనే ఏటా రెండంగుళాలు వదులు చేసుకునే మనిషి. చుట్టాల్లో అందరికీ తిండిపోతుగానే లెక్క. ఆ పేరు పెట్టింది కూడా ఈ అక్కే. ఇవాళ్టితో ఆ మచ్చ చెరిగిపోతుందని అతని గుండె గంతులేస్తోంది.

జన్యు పరీక్షకి ఉమ్మి పంపడానికి పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. అరగంట ముందు నుంచి నోట్లో ఏమీ వేసుకోకూడదన్నారు. అతనివల్ల అయ్యే పనా అది? ఇచ్చిన రెండు గొట్టాల్లో మొదటి దాంట్లో బిస్కెట్ నలుసులు తేలి, అది పనికిరాకుండా పోయింది. అంతలో ఎవరో కోటు కొలతలకి వచ్చారు. ఎలాగోలా పంపించెయ్యమని ఆ బాధ్యత భార్యకి అప్పజెప్పి టేపు అందుకున్నాడు.

అక్క కళ్ళజోడు సవరించుకుని, పరీక్ష ఫలితం వచ్చిన కాగితాన్ని పైకే చదివింది.

"ఈ జన్యువులో తేడా ఉన్నవారికి కడుపు నిండిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. తిన్నాక కూడా ఆకలి తీరనట్టే ఉంటుంది. బరువు పెరిగే అవకాశం ఎక్కువ."

ఇన్నేళ్ళూ తమ్ముణ్ణి అనరాని మాటలన్నానని నొచ్చుకుంది. దర్జీకి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ ఊపులో గోడకున్న డాక్టరు పట్టిక పీకాడు. షుగరు ముదురుతోందనీ, తిండి తగ్గించకపోతే కాళ్ళకే ముప్పనీ హెచ్చరించి రాసిచ్చిన పట్టిక అది. పుట్టుకతో వచ్చిన ఆకలిని ఈ ముక్క ఆపుతుందా అంటూ చింపబోయాడు.

కాజాలు కుడుతున్న భార్య సూది పక్కన పెట్టి, గబుక్కున వచ్చి పట్టిక లాక్కుంది.

"ఆకలి ఉంటే ఉండనివ్వండి. దాంతోనే లేవడం అలవాటు చేసుకోవచ్చు."

అతనికి నవ్వొచ్చింది. "నీకేం, ఎన్నయినా చెబుతావు. పెళ్ళినాటి జాకెట్టు ఇప్పటికీ పడుతుంది. పిడికెడు తిని లేచేదానివి, ఆకలంటే ఏంటో నీకేం తెలుసు?"

అక్క కూడా తలూపింది. అదృష్టవంతురాలివమ్మా, అంది.

భార్య పట్టికని మళ్ళీ మేకుకి తగిలించి, సూది అందుకుంది.

"రెండో గొట్టంలో ఉమ్మింది నేనండీ."