ఎముకల ప్లేటు

"కోటు లోపల పెట్టు, చొక్కా కిందికి. మడత పడిందంటే పాట పోయినట్టే," అన్నాడు గోషా, చుట్టూ చూస్తూ.

ఎర్మెక్ పెట్టలేదు. పంతొమ్మిదేళ్లకి సొంత డబ్బుతో కొన్న మొట్టమొదటి పాట అది. ఒక్కసారి కళ్లారా చూసుకోవద్దూ! బజారు గోడవారన నిలబడి గ్రామఫోన్ ప్లేటును ఆకాశం వైపు ఎత్తి పట్టుకున్నాడు.

బయటిదేశాల పాటల్ని సర్కారు నిషేధించింది, అల్మా-అతా దుకాణాల్లో దొరకవు. అందుకే ఆసుపత్రులు పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, కత్తెరతో గుండ్రంగా కోసి, నడుమ సిగరెట్టుతో కన్నం కాల్చి, వాటి మీద పాట గీసి చాటుగా అమ్మేవాడు గోషా. ఎండలో ఎవరివో పక్కటెముకలు తెల్లగా కనబడ్డాయి. వాటికంటే తెల్లగా మూడు మూలల మచ్చ ఒకటి. ఎర్మెక్ నాయనమ్మ మెడలో వెండి తాయెత్తు అచ్చం ఇలాగే ఉండేది. డాక్టరు తీయమన్నా తీయని మొండిఘటం ఎవరో అనుకుని నవ్వుకున్నాడు.

"ఆగు!"

బూడిదరంగు కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. చూపంతా ప్లేటు మీదే. గోషా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పరిగెత్తు. నెల్లాళ్లుగా ప్రతి ఆదివారం వస్తున్నాడు. పాట పేరడగడు, ఏదీ కొనడు. ఒక్కో ప్లేటూ వెలుగులో పెట్టి చూస్తాడు. ఈ ఫిల్ములు ఏ ఆసుపత్రివి అంటాడు. అలా అడిగేవాళ్లు ఎవరో నీకు వేరే చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. పోయిన నెలలోనే ఎర్మెక్ క్లాసువాడు ఒకడు ఇలాంటి ప్లేటుతో దొరికిపోయాడు. నిండు సభలో నిలబెట్టి కడిగేసి, మర్నాడే కాలేజీ నుంచి గెంటేశారు. ఇప్పుడు రైల్వే స్టేషన్‌లో బొగ్గు ఎత్తుతున్నాడు. ఎర్మెక్ తల్లి లాండ్రీలో చేతులు పగిలేలా ఊళ్లోవాళ్ల బట్టలుతికి కొడుకుని చదివిస్తోంది. కాబోయే ఇంజనీరు అని ఉమ్మడి వాకిట్లో వాళ్లందరికీ చెప్పుకుంటుంది. ఆ తల్లి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

ఎర్మెక్ పరిగెత్తి ట్రాము ముందు తలుపులోంచి ఎక్కాడు. బూడిదరంగు కోటాయన వెనక తలుపులోంచి ఎక్కాడు. ఎర్మెక్ రెండు స్టాపుల ముందే దూకేసి, గడ్డకట్టిన కాలవలు దాటుకుంటూ సందుల్లో పడ్డాడు. వెనక మంచులో బూట్ల చప్పుడు వినబడుతూనే ఉంది. ఒక కాలు ఈడుస్తున్న చప్పుడు. నాలుగో సందు తిరిగాక అదీ ఆగింది.

ఇంటికొచ్చి గడియ పెట్టాడు. తల్లి ఇంకా పనినుంచి రాలేదు. కిటికీలోంచి చూశాడు, ఎవరూ లేరు. గండం గడిచిందనుకున్నాడు. గండం గడిచినవాడు ఊరికే కూర్చోవచ్చు కదా? కుర్రతనం కూర్చోనిస్తేనా!

గదిలో మూలన పాత గ్రామఫోన్ పెట్టె ఉంది. తండ్రి ఉన్న రోజుల్లో దాన్ని కిటికీలో పెడితే వాకిలంతా చేరేది. ఆడవాళ్లు గిన్నెలు తోముకుంటూ పాడేవాళ్లు. బరువైన ఆ నల్ల ప్లేట్లు అందరివీ. ఇదేమో ఎర్మెక్ ఒక్కడిదీ. పెట్టె నోట్లో తువ్వాలు కుక్కి, గోడ మీది రేడియో పెద్దగా పెట్టి, ముల్లు పెట్టి, పెట్టెకి చెవి ఆనించాడు. ముందు ఇసుక రాల్చినట్టు బరబర. తరవాత ఒక ఆడగొంతు. భాష తెలీదు. అయినా కళ్లు చెమర్చాయి.

పాట సగంలో ఉండగా వాకిట్లో మాటలు వినబడ్డాయి.

"ఇప్పుడే పరిగెత్తుకొచ్చిన కుర్రాడు ఏ గదిలో ఉంటాడమ్మా?"

"అదిగో, ఆ మూల గది," అంది పక్కింటావిడ, మహోపకారం చేస్తున్నట్టు.

ఎర్మెక్ ప్లేటు లాగి విరచబోయాడు. ఎక్స్‌రే ఫిల్ము విరుగుతుందా? వంగి మళ్లీ నిలబడింది. తలుపు మీద దబదబా చప్పుడు. ఇక ఆలోచించలేదు, పొయ్యి మూత తీసి లోపలికి తోసేశాడు. భగ్గుమంది. మూత పెట్టి, చేతులు తుడుచుకుని గడియ తీశాడు.

పెద్దాయన టోపీ చేతిలో పట్టుకుని ఆయాసపడుతున్నాడు.

"బజారులో కొన్న ప్లేటు చూపిస్తావా, నాయనా?"

"ఏ ప్లేటు? నా దగ్గరేం లేదు."

"ఒక్క మాట చెప్పు. దాని మీద మూడు మూలల తాయెత్తు ఉందా?"

ఆనవాళ్లు కూడా రాసుకున్నాడన్నమాట! తనకి తెలియకుండానే తలూపేశాడు ఎర్మెక్. ఆయన గుమ్మం పట్టుకున్నాడు.

"నేను పోలీసును కాదు, బాబూ. తల్గార్ కొండల్లో గుర్రాలు కాసుకునేవాణ్ణి. ఆ పాట నాకొద్దు. అలాంటివి పది కొనిస్తాను. అదొక్కటి ఇచ్చెయ్."

ఇలా తియ్యగా మాట్లాడేవాళ్లే ఎక్కువ ప్రమాదమని గోషా ఎన్నిసార్లు చెప్పలేదు! ఎర్మెక్ మొండిధైర్యం తెచ్చుకున్నాడు.

"పొయ్యిలో వేసేశాను. బూడిదయింది. ఇప్పుడు ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి."

ఆయన కోప్పడలేదు. మెల్లగా పొయ్యి దగ్గరికి నడిచి, మూత తీసి, లోపలికి చూస్తూ అక్కడే నేల మీద కూలబడ్డాడు. గోడ మీది రేడియోలో ఎవరో గోధుమ పంట గురించి గట్టిగా చెబుతూనే ఉన్నారు. ఆయన బూడిద వైపే చూస్తూ అన్నాడు.

"ఆసుపత్రిలో పోయేముందు తీశారు. మా ఆవిడది ఇంకో ఫొటో లేదు."